పాచియు పరిమళమును

తెల్లవారకమునుపే లేచిన యిల్లాలికి మొదట ఎదురగునది పాచి. నిద్ర లేచిన నోరు పాచినోరు. రాత్రి మిగిలిన అంట్లు తోముట, వాకిలి యూడ్చి కళ్ళాపి చల్లుట పాచిపని. దంతములపై దేరిన మెత్తని పొర పాచి. నీళ్ళతొట్టి లోపలి గోడను తాకినప్పుడు వ్రేలికి జారునది పాచి. చెరువుమెట్టుపై కాలు జారినచో ఆ నేరమును పాచిదే. ఇన్ని తావులకు ఈ యొక్క మాటను వాడుకొన్న మన పూర్వులు సూక్ష్మదర్శినిలో చూచినవారు కారు. అయినను పండ్లపై నున్నదియు, తొట్టిలో నున్నదియు, రాతిపై నున్నదియు ఒకే తీరు కట్టడములని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు.

మేము కాపురమున్న పాలంపేటలో వానకాలము వచ్చినదన్న ఈ మాట మరింత తరచుగా వినబడును. రామప్ప చెరువు నిండి, గాలిలో తేమ నిలిచిపోయిన దినములలో నీడపట్టున నున్న రాళ్ళపై ఆకుపచ్చని పొర యొకటి దేరి, ఎండకాలము నాటికి నల్లబడును. ఊరివారు దానిని పాచి యనియే యందురు. మా యింటివారు ఉపాధ్యాయులు. బడిపిల్లలు గుడి చూచి వచ్చి, "రాతికి కూడ పండ్లు తోమవలెనా, పంతులుగారూ?" అని యడిగిరట. ఆ మాట విని మేము నవ్వితిమి. కాని అది నవ్వి విడువదగిన ప్రశ్న కాదని తరువాత తెలిసినది.

లవంగ తైలము, వాము తైలము, నీలగిరి తైలము వంటి సుగంధ తైలములు ఈ పాచిని పోగొట్టగలవా? ఎంతవరకు పోగొట్టగలవు? ఎచ్చట మనలను మోసగించును? ఈ ప్రశ్నలు మాకు పుస్తకమునుండి పుట్టలేదు. మా అత్తగారి పాదమునుండి పుట్టినవి. ఆ సంగతి ముందు ముందు చెప్పెదము. అందు తప్పు మాదే గనుక దాపరికము లేకుండ చెప్పెదము.

పాచి యననేమి?

కంటికి కానరాని సూక్ష్మజీవులు నీటిలో ఒంటరిగా తిరుగునని చాలమంది తలంతురు. తిరుగుట నిజమే. కాని తడియు, ఆనుకొనుటకు ఒక తావును దొరకినంతనే అవి స్థిరపడును. మొదట కొన్ని యంటుకొనును. తరువాత తమ చుట్టును ఒక జిగురును ఊరించుకొనును. ఆ జిగురులో చక్కెరల వంటి పదార్థములు, మాంసకృత్తులు ఉండును. ఆ జిగురే వాటికి గోడ, కప్పు, ధాన్యపుగాదె. లోపల నీరును ఆహారమును ప్రవహించుటకు సన్నని కాలువలు కూడ ఏర్పడును. ఒక జాతివే కాదు, పలుజాతుల జీవులు అందు కలిసి వసించును. తమ సంఖ్య ఎంత పెరిగినదో తెలిసికొనుటకు అవి కొన్ని ద్రవ్యములను విడుచుచు, పొరుగువి విడిచినవానిని గుర్తించుచు నుండును. ఊరిలో దండోరా వేసినట్లు ఆ సంకేతము అందినంతనే అన్నియు కలిసి ఒక పనికి పూనుకొనును. ఇట్టి కట్టడమునకే శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అని పేరు పెట్టిరి. మనకు పాచి యన్న మాట ఉండగా వేరు మాట వెదకుకొన నక్కరలేదు.

దీనిని తొలుత చూచినవాడు వైద్యుడును కాడు, పండితుడును కాడు. హాలెండు దేశమున డెల్ఫ్ట్ పట్టణములో బట్టల వర్తకము చేయుచుండిన ఆంటొని వాన్ లీవెన్‌హుక్ అనునతడు తాను అరగదీసిన చిన్న అద్దములతో తన పండ్లపాచిని చూచి, అందు కదలాడు జీవులున్నవని 1683లో లండను రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. అతడు మరియొక విషయమును గమనించెను. పుల్లని ద్రాక్షకాడితో నోరు పుక్కిలించినను పాచి పైభాగమున నున్న జీవులే చచ్చినవి గాని లోపలివి చావలేదు. మూడువందల యేండ్లకు పైగా గడచినను మందుల విషయమున మనము ఎదుర్కొనుచున్న చిక్కు అదియే.

1978లో కెనడా దేశపు శాస్త్రజ్ఞుడు విలియం కాస్టర్టన్ తన సహచరులతో కూడి, ప్రకృతిలో బాక్టీరియా ఒంటరిగా కాక ఇట్టి జిగురుగూళ్ళలోనే మిక్కుటముగా బ్రతుకుచున్నవని చాటెను. అటుపిమ్మట ఈ పరిశోధన విరివిగా సాగినది. నీటిలో ఒంటరిగా తిరుగు జీవిని చంపగల మందు, అదే జీవి పాచిలో దాగినప్పుడు పది మొదలు వేయి రెట్లు ఎక్కువ యైనను చాలక పోవచ్చునని తేలినది. మందు జిగురును దాటి లోపలికి పోవుట కష్టము. పోయినను అడుగున నున్న జీవులు తిండి తక్కువై నిద్రించినట్లు మందకొడిగా నుండును. పెరుగుచున్న జీవులపై పనిచేయు మందులు వాటినేమియు చేయలేవు. పైవి చచ్చును, అడుగువి మిగులును. కొన్ని దినములలో పాచి మరల పూర్వమువలెనే పెరుగును.

పోపులపెట్టెలోని తైలములు

ఇక తైలముల సంగతి. గానుగలో ఆడిన నువ్వులనూనెయు, మనము చెప్పుచున్న సుగంధ తైలమును ఒకటి కావు. నువ్వులనూనె చుక్కను కాగితముపై వేసినచో మరక నిలిచిపోవును. కల్తీలేని సుగంధ తైలపు చుక్క చాలవరకు ఎగిరిపోయి వాసన మాత్రము మిగులును. ఆకు, పువ్వు, మొగ్గ, గింజ, బెరడు వీనిలో దాగిన ఆ సారమును ఆవిరితో పైకి తెచ్చి, ఆ యావిరిని చల్లార్చి, నీటినుండి వేరుపరతురు. నూరు పాళ్ళ లవంగమొగ్గలనుండి 15 మొదలు 20 పాళ్ళ తైలము వచ్చును. వామునుండి 2 మొదలు 4 పాళ్ళే వచ్చును. దీనినిబట్టి ఒక చిన్న బుడ్డిలో ఎంత దినుసు ఇమిడియున్నదో సోదరీమణులు ఊహింపవచ్చును. పిడికెడు లవంగములు తిన్నను రాని వేడిమి ఒక చెంచాడు తైలమున నుండుట యిందువలననే.

మొక్క వాసన వేయుట మన సంతోషమునకై కాదు. తన్ను తినవచ్చు పురుగునుండియు, తనకు పట్టు బూజునుండియు కాపాడుకొనుట కది చేసికొన్న కవచము. లవంగ తైలమున యూజెనాల్ అను పదార్థము నూటికి 70 మొదలు 90 పాళ్ళుండును. వాములోని ముఖ్యసారము థైమాల్. దానినే మన అంగళ్ళలో వాముపువ్వు అని పలుకులుగా అమ్ముదురు. దాల్చినచెక్కలో సినమాల్డిహైడ్, నిమ్మగడ్డిలో సిట్రాల్, నీలగిరిలో సినియోల్ అనునవి ముఖ్యములు. ఇట్టి మొక్కల పరిశోధనకై 1959లో స్థాపింపబడి, నేడు లక్నో నగరమున నున్న కేంద్రీయ ఔషధ సుగంధ సస్య సంస్థకు మన హైదరాబాదులోను ఒక కేంద్రము కలదు.

తెలంగాణమున ఈ తైలములు ఇంటింటి చుట్టములు. 1920లో హైదరాబాదున హకీము మొయిజుద్దీన్ ఫారూఖీగారు తయారుచేసిన జిందా తిలిస్మాతు బుడ్డి లేని యిల్లు మా చిన్ననాట అరుదు. అందును నీలగిరి తైలమే ప్రధానము. వాముపువ్వు, పుదీనాపువ్వు, కర్పూరము కలిపి నీరుగా కరగినపుడు అమృతధార యని పిల్లలకు చూపి వింతపడుట యందరికిని ఎరుకయే.

ఈ తైలములు సూక్ష్మజీవిని ఎట్లు చంపును? ప్రతి జీవకణమును చుట్టి క్రొవ్వుతో కూడిన సన్నని తోలు కలదు. తైలసారము క్రొవ్వులో కరగునది గనుక ఆ తోలులో చొచ్చి దానిని వదులు చేయును. లోపలి సరకు బయటికి కారిపోవును. ఇంకొక విశేషమున్నది. చంపుటకు చాలని కొద్దిపాటి తైలము కూడ, పైన చెప్పిన దండోరా సంకేతమును అడ్డగించి, క్రొత్త జీవులు అంటుకొనకుండ చేయుట ప్రయోగశాలలలో పలుమార్లు కనబడినది. అందుచేత కట్టిన పాచిని కూల్చుటకంటె, కట్టబోవు పాచిని ఆపుట తైలములకు సులువైన పని.

కాని గాజుపళ్ళెములో జరిగినది దేహములో జరుగునని అనరాదు. పాచిని చంపుటకు వలయునంత గాఢమైన తైలము మన చర్మమును, చిగురును కూడ కాల్చవచ్చును. గాలికి తైలము ఎగిరిపోవును. రక్తమాంసముల తడిలో దాని బలము తగ్గును. ఒక తోటలోని తైలమునకును వేరొక తోటలోని దానికిని పాళ్ళలో తేడా యుండును. సూక్ష్మజీవులలోను జాతిభేదము కలదు. స్యూడోమోనాస్ అనునది వెలుపల మరియొక తోలును తొడిగికొన్న జాతి. తైలములకు లొంగుటలో అది మిక్కిలి మొండి. ఆ పేరును పాఠకురాండ్రు గుర్తుంచుకొనగోరుచున్నాము.

పండ్లపాచి

మన దేహముపై ఈ తైలములు చక్కగా పరీక్షింపబడిన తావు నోరు. అమెరికాలో 1879లో జోసెఫ్ లారెన్స్ అను వైద్యుడు, శస్త్రచికిత్సలో శుచిని నేర్పిన లిస్టరు పేరిట లిస్టరిన్ అను ద్రవమును తయారుచేసెను. నేటికిని అందు పనిచేయునవి వామున నుండు థైమాల్, పుదీనాపువ్వు, నీలగిరి సారము, మరియొక సుగంధ ద్రవ్యము. అనేకులపై ఆరేసి నెలలు జరిపిన పరీక్షలలో, పండ్లు తోముకొనుచు దానితో కూడ పుక్కిలించినవారికి, తోముట మాత్రమే చేసినవారికంటె పాచియు చిగుళ్ళవాపును తగ్గినట్లు తేలినది. ఇందు "తోముకొనుచు" అన్న మాటయే ప్రాణము. తోముట మాని పుక్కిలించినవారికి దంతరక్షణము లేదు.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, వగరు, కారము, చేదు రుచులు గల పుల్లను కొన నమలి, చిగుళ్ళకు నొప్పి కలుగకుండ పండ్లు తోమవలెననెను. రుచిని గూర్చి చెప్పినవాడే రాపిడిని గూర్చియు చెప్పినాడు. వేపపుల్ల మేలు చేదులోనే కాదు, కుంచెవలె నలిగిన కొనలోను కలదు. ఆ రాపిడి ఒకటి రెండు దినములు తప్పినచో మెత్తని పాచిలో లాలాజలమునందలి సున్నము పేరుకొని అది గట్టిపడును. దానికి మనవారు పెట్టిన పేరు గార. గోడకు పూయు సున్నమునకును అదే పేరు. ఒకసారి గార కట్టిన తరువాత పుల్లయు పనికిరాదు, తైలమును పనికిరాదు. దంతవైద్యుడు పనిముట్టుతో గీకి తీయవలసినదే.

రాతిపాచి

ఇప్పుడు ఆ బడిపిల్లల ప్రశ్నకు వత్తము. రాతికి కూడ తోముట వలయునా?

మా యూరి రుద్రేశ్వరాలయమును కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. మేడి యెర్రని ఇసుకరాయి, స్తంభములకును మదనికలకును నల్లని గట్టిరాయి, శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన యిటుకలు, ఇవి దాని ప్రసిద్ధ లక్షణములు. 2021 జూలైలో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చిరి. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిదైన పాలంపేట 2019 నుండి ములుగు జిల్లాలోనిది.

ఇట్టి రాతిపై నిలుచు పాచిలో బాక్టీరియా, శైవలములు, బూజులు కలిసియుండును. అది నీటిని పట్టియుంచును. దానినుండి ఊరు ఆమ్లములు రాతిని కొద్దికొద్దిగా తినును. బూజు వేళ్ళు రాతిసందులలో దూరును. గీకుట మోటుగా చేసినచో శిల్పపు ముక్కు చెదరును. బలమైన రసాయనములు చల్లినచో రాతికిని, చుట్టునున్న చెట్లకును, చల్లువారికిని ముప్పు. రోము నగరమున వాటికన్ మ్యూజియముల వారు తమ తోటలలోని శిల్పములపై పెరిగిన పాచికి, కఠిన రసాయనములకు బదులుగా, మొక్కలనుండి తీసిన సుగంధ తైలముల మిశ్రమములను ఇటీవలి దశాబ్దములలో వాడి మంచి ఫలమును పొందిరి. అచ్చటను తైలము పూసి చేతులు కడుగుకొన్నవారు కారు. మెత్తబడిన పాచిని కుంచెలతో మెల్లగా తీసివైచిరి.

ఇది విని మన సోదరీమణులు గుడికి నూనెబుడ్డితో బయలుదేరరాదు. భక్తితో విగ్రహములకు పూయు ఆముదము, నువ్వులనూనె ఎగిరిపోవునవి కావు. అవి ధూళిని పట్టి నల్లని జిడ్డుగా మారును. పురావస్తుశాఖ కాపాడుచున్న రాతిని నేర్పరులు తప్ప ఒరులు తాకరాదు. మనము చేయదగిన సేవ అంటకుండుటయే.

పుండుపాచి

ఆ గుడి రాతినేలపైననే మా కథ మొదలైనది. మా అత్తగారికి పదునైదేండ్లుగా మధుమేహము. ఒక చైత్రమాసమున బంధువులు వచ్చినప్పుడు వారితో కూడ మిట్టమధ్యాహ్నము గుడికి పోయితిమి. చెప్పులు వెలుపల విడిచితిమి. ఎండకు కాగిన రాళ్ళపై మేము అంగలు వేయుచు నీడకు పరుగిడితిమి. అత్తగారు మాత్రము మెల్లగా, తీరుబడిగా ప్రదక్షిణము చేసిరి. "అత్తయ్యా, కాళ్ళు కాలుటలేదా?" అని యడిగితిమి. "నాకేమియు తెలియుటలేదే అమ్మాయీ" అనిరి. ఆమె భక్తికి మేము ఆశ్చర్యపడితిమి. అది భక్తి మాత్రమే కాదు, మధుమేహముచే పాదపు నరములు మొద్దుబారుట యని అప్పుడు తెలియలేదు.

మరునాటికి చిటికెనవ్రేలి క్రింద బొబ్బ లేచినది. అది చితికి పుండైనది. మేము చిన్ననాట మా నాయనగారి యొద్ద కావ్యములతో పాటు వైద్యగ్రంథములను కొన్నింటిని చదివినవారము. ఆ చదువు మాకు కొంత గర్వము నిచ్చినది. వైద్యశాలకు పోవుదమని మా యింటివారు అనగా, "ఇంతమాత్రమునకా?" అంటిమి. వేపనూనెలో లవంగ తైలము, కర్పూరము కలిపి ఉదయము సాయంత్రము పూసి గుడ్డ కట్టుచుంటిమి. నాలుగు దినములలో పుండు పైన ఎండి పక్కు కట్టినది. ఇల్లంతయు లవంగపు వాసన. "పూజగదిలో నున్నట్లున్నదే" అని అత్తగారు మెచ్చుకొనిరి. మేము పొంగిపోయితిమి.

ఇట్లు మూడు వారములు గడచినవి. పాదము కొంచెము ఉబ్బినది. నడచుటచేత ననుకొంటిమి. ఆమెకు నొప్పి లేదు గనుక మాకును భయము కలుగలేదు. ఒకనాటి రాత్రి చలిజ్వరము వచ్చినది. తెల్లవారినంతనే నగరమునకు తీసికొనిపోయితిమి. అచ్చటి వైద్యురాలు కట్టు విప్పి, పక్కును తొలగించి చూచినది. పైన పొడిగా నున్న ఆ పుండు లోపల ఎముక దాక కుళ్ళియుండెను. అచ్చటి పరీక్షలో తేలిన జీవి పేరు స్యూడోమోనాస్.

వైద్యురాలు మమ్ము కోపింపలేదు. ఆమె చెప్పిన మాటలు మాకు నేటికిని చెవులలో నున్నవి. "అమ్మా, మీ తైలము పైనున్న క్రిములను కొన్నింటిని చంపియే యుండును. అడుగున అవి జిగురుగూడు కట్టుకొని కూర్చున్నవి. దానిని గీకి తీయక ఏ మందు పూసినను, చివరకు నేనిచ్చు సూదిమందైనను పూర్తిగా పనిచేయదు. పుండు చెడినప్పుడు వచ్చు దుర్వాసన మనకు మొదటి హెచ్చరిక. మీ లవంగపు వాసన దానిని కప్పివేసినది."

చచ్చిన కండను గీకి తీసిరి. చిటికెనవ్రేలిని కాపాడలేకపోయిరి. పాదము దక్కినది. మానుటకు నాలుగు నెలలు పట్టినది. ఆ నాలుగు నెలలు కట్టు మార్చినప్పుడెల్ల మేము తల వంచుకొనియే యుంటిమి. అత్తగారు ఒక్క మాటయైన అనలేదు. ఒకనాడు మాత్రము, "నీవు పూయకపోతివని కాదు గదా, పూసితివనియే గదా బాధపడుచున్నావు. నీ చేతిలో ప్రేమ యున్నది. ఇకమీదట కన్ను కూడ ఉంచుకొనుము" అనిరి.

ఇంటికి వచ్చిన తరువాత మా నాయనగారి పుస్తకమును మరల తెరచితిమి. సుశ్రుతుడు శస్త్రకర్మలను ఎనిమిదిగా చెప్పినాడు. అందు లేఖ్యము, అనగా గీకుట, ఒకటి. వ్రణమునకు చెప్పిన అరువది యుపక్రమములలోను లేఖనమున్నది. వ్రణితుడున్న గదికి ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి ధూపము వేయుమనియు చెప్పినాడు. ధూపమును మేము చదివి గుర్తుంచుకొంటిమి. కత్తి మా పని కాదని లేఖనమును దాటవేసితిమి. శాస్త్రము మమ్ము మోసగింపలేదు. మనకు నచ్చిన పుటలను మాత్రమే చదివి శాస్త్రము తెలిసినదనుకొనుట మా దోషము.

దీర్ఘకాలము మానని పుండ్లలో మిక్కుటముగా పాచి యుండునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. సుగంధ తైలములతో కట్లు తయారుచేయు ప్రయత్నములు పలుదేశములలో జరుగుచున్నవి. కాని గాజుపళ్ళెములలో గెలిచినంతగా మనుష్యుల పుండ్లపై అవి యింకను గెలువలేదు. అవి వైద్యుని చేతికి రేపు ఒక పనిముట్టు కావచ్చును. ఇల్లాలి చేతిలో నేడు అవి పుండునకు మందు కావు.

ఇంట పాటింపదగినవి

ఇంత చెప్పి పరిమళమును వెలివేయుమనుట మా యుద్దేశము కాదు. ఏ పనికి ఎంతవరకో తెలిసికొనిన చాలును.

నీళ్ళబిందె, తొట్టి, వడపోతయంత్రపు కుళాయి, పిల్లలు బడికి కొనిపోవు సీసా, వీని లోపలి గోడలకు పాచి పట్టును. నీళ్ళు మార్చినంతమాత్రమున అది పోదు. పీచుతోనో, సీసాలకు తగిన కుంచెతోనో లోపల రుద్ది, కడిగి, బోర్లించి, పూర్తిగా ఎండనీయవలెను. తడి లేనిచోట పాచి పెరుగజాలదు. పసిబిడ్డల పాలసీసాలను రుద్ది కడిగి నీళ్ళలో మరగించవలెను. త్రాగునీటిలో తైలపు చుక్కలు వేయరాదు. కట్టుడుపండ్లు గలవారు రాత్రి వానిని తీసి, కుంచెతో రుద్ది, పిమ్మట నీటిలో నుంచవలెను.

పంటినొప్పికి లవంగ తైలమును దూదికి ఒక చుక్క అద్ది పంటికి మాత్రము తగిలించుట పెద్దలకు కొంత ఉపశమనము నిచ్చును. నొప్పి తగ్గినదని ఊరకుండక దంతవైద్యుని చూడవలెను. చిగురుకు పదేపదే పూసిన పుండగును. సుగంధద్రవముతో పుక్కిలించుట, ఉమ్మివేయుట చేతకాని చిన్నపిల్లలకు తగదు.

ఏ సుగంధ తైలమునైనను కలుపక చర్మమునకు పూయరాదు. నూరు చుక్కల కొబ్బరినూనెకు ఒకటి రెండు చుక్కలే మితి. అదియు తెగని, పుండు లేని చర్మమునకే. పసిబిడ్డల ముక్కు దగ్గర కర్పూరము, నీలగిరి, పుదీనాపువ్వు పూయుట అపాయము. ఒక చెంచాడు లవంగ తైలము మ్రింగి పసివారు ప్రాణాపాయస్థితికి వచ్చిన సందర్భములు వైద్యగ్రంథములలో కలవు. నీలగిరియు కర్పూర తైలమును మ్రింగిన మూర్ఛలు వచ్చును. ఈ బుడ్లను దేవునిగూటిలో కాదు, తాళము గల బీరువాలో నుంచవలెను. బిడ్డ మ్రింగినచో వాంతి చేయింపక వెంటనే వైద్యశాలకు కొనిపోవలెను.

మధుమేహము గల పెద్దలు ఇంటనున్నచో ప్రతిరాత్రియు వారి పాదములను చూడవలెను. వ్రేళ్ళసందులు, అరికాలు, మడమ మరువరాదు. వారికి నొప్పి తెలియదు గనుక మన కన్నే వారికి నొప్పి. గుడికి ఉదయమే తీసికొనిపోవుట, రాతినేల కాగియున్నచో మందమైన మేజోళ్ళు తొడుగుట దేవునికి అపచారము కాదు. బొబ్బగాని, గీతగాని, రంగుమార్పుగాని కనబడిననాడే వైద్యునికి చూపవలెను. ఉబ్బు, వేడిమి, రసి, దుర్వాసన, జ్వరము, వీనిలో ఏ యొక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. వైద్యుడు చూచువరకు శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి యుంచుట చాలును. వాసన వేయునదేదియు పూయరాదు.

మొన్నటి వానలకు గుడి చుట్టు రాళ్ళు మరల పచ్చబడినవి. మా అత్తగారు ఇప్పుడు ఎండ పొడచూపకమునుపే మేజోళ్ళతో గుడికి వచ్చుచున్నారు. తొమ్మిది వ్రేళ్ళతోనే ప్రదక్షిణము చేయుచున్నారు. ఇంటికి వచ్చినంతనే అరుగుపై కూర్చుండి పాదము చాపి, "చూడవే అమ్మాయీ" అందురు. మేము దీపము తెచ్చి చూచెదము. ఇప్పుడు మా చేతిలో లవంగపు బుడ్డి లేదు.